మిఠాయి డబ్బాలో డైపరు

ఉప్పుగూడలో మా అత్తగారింట్లో ఆరు బర్రెలున్నాయి. రెండో నెలలో మా పాప విరేచనంలో చీమిడిలాంటి జిగట, నెత్తుటి చారలు కనిపించాయి. "వేడి చేసింది. నువ్వు పాలు తాగితె పిల్లకు చలువ," అని అత్తమ్మ నాతో రోజూ చెంబెడు పాలు తాగించేది.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ డైపరు కూడా తెమ్మంది. మా ఆయన దాన్ని ఖాళీ మిఠాయి డబ్బాలో పెట్టిచ్చాడు. క్లినిక్‌లో పక్కన కూర్చున్న ముసలమ్మ నా ఒళ్లో డబ్బా చూసి, బిడ్డ పుట్టిందని పంచే మిఠాయనుకుని, "ఆడివిల్లనా బిడ్డా? నా నోరు గూడ తీపి చెయ్యి," అంటూ మూత తీసేసింది. గదంతా గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. కన్నబిడ్డదే అయినా నాకూ వాంతి వచ్చింది.

డాక్టరమ్మ మాత్రం డైపరునూ పాపనూ నిదానంగా చూసింది. "జ్వరం లేదు, బరువు మంచిగ పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ లెక్క లేదు. కింద చీలిక గూడ లేదు. నువ్వు తాగే బర్రెపాలే నీ పాలల్లకెల్లి పోయి పిల్లకు పడ్తలేవు. పాలు, పెరుగు బంద్ చేసి చూద్దాం," అంది.

మూడు వారాల్లో నెత్తురు ఆగింది. ఆ డబ్బా వాసన ఎప్పుడో మరిచిపోయాను. పొద్దున్నే అత్తమ్మ పాలు కాచే వాసనకే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను.