అత్తయ్య కూర్చిన ఆఖరి పేజీ

మొన్న బండి బాగుచేయించడానికి వెళ్తే, షెడ్డులో మెకానిక్ సామాన్లు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. ఆ వాసన తగలగానే తిరువూరులో మా ఇంటి ముందుగది, అందులో నాన్న నడిపిన అచ్చాఫీసు, కడిగిన సీసపు అక్షరాలు ఆరబెట్టే గోనెపట్టా, దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్న మా అత్తయ్య, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

తొంభైల చివరి మాట ఇది. విజయవాడలో అందరూ అప్పటికే కంప్యూటర్లకి మారిపోయినా, మా మిషను మాత్రం కాలితో తొక్కించుకుంటూ, మాఘమాసంలో శుభలేఖలూ ఎండాకాలంలో మామిడికాయల కొట్ల వాళ్ళ కరపత్రాలూ వేస్తూ, బయటి నుంచి వచ్చే మామిడి జీడి వాసనలో తన సిరా వాసన కలుపుతూ కాలక్షేపం చేసేది. అత్తయ్య నాన్నకి అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికొచ్చి కంపోజింగు నేర్చుకుంది. గళ్ళ చెక్కలోంచి చూడకుండానే అక్షరాలు ఏరి, తిరగేసిన వరసలు పేర్చేది. మధ్యాహ్నం నాకు ఆవకాయన్నం కలిపే ముందు, సీసం అంటిందని చేతులు రెండుసార్లు తోముకునేది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళాయి గానీ, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా అచ్చులో పడలేదు.

ఒక వేసవిలో విస్సన్నపేట నుంచి రిటైరైన ఇంగ్లీషు మాస్టారొకరు తన పద్యాల పుస్తకం తెచ్చి, చివర్లో కొలోఫన్ ఉండాలన్నారు. నాన్న అదేదో ఖరీదైన కాగితం అనుకున్నాడు కాబోలు, "అది మన దగ్గర దొరకదండి" అన్నాడు. మాస్టారు నవ్వి, పుస్తకం ఎక్కడ అచ్చయిందో, అక్షరాలు ఎవరు కూర్చారో ఆఖర్న చెప్పే నాలుగు మాటల్నే అలా అంటారనీ, గ్రీకులో ఆ మాటకి శిఖరమని అర్థమనీ, మన తాటాకుల కాలంలోనూ రాసినవాడు చివర పేరు చెప్పుకునేవాడనీ వివరించారు. "అక్కడ మీ పేరు ఉండాల్సిందేనమ్మా" అన్నారు అత్తయ్యతో.

"నా పేరెందుకులెండి" అంటూనే ఆవిడ ఆ పూటే కూర్చేసింది. ప్రూఫు తడి ఆరకముందే నా చేతికిచ్చి, రెండుసార్లు చదివించుకుంది.

మర్నాడు ఒక అర్జెంటు శుభలేఖ వచ్చింది. పెళ్ళికొడుకు, తండ్రి, తాత, ముగ్గురి పేర్లలోనూ కృష్ణుడే. 'ష్ణ' అచ్చులు మా దగ్గర ఉన్నవే తక్కువ. అక్షరం చాలకపోతే, ఇంకా మిషనెక్కని పేజీలోంచి తీసి, ఆ ఖాళీలో వేరే అచ్చు తలకిందులుగా పెట్టడం మా అలవాటు. ప్రూఫులో అక్కడ నల్లటి దిమ్మ పడుతుంది, మార్చాలని గుర్తు. మాస్టారి పద్యాల జోలికి పోకుండా, అత్తయ్య తన పేరులోంచే తీసింది. ఆ మర్నాడు పొద్దున్నే, నాన్న లేవకముందే, శుభలేఖలు ఇంకా పూర్తికాకుండానే, పెనుగొలనులో చుట్టాలింటికి బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా ఆఖరి పేజీ వెయ్యొద్దని నాన్నకి చెప్పమ్మా" అంది. నేను తొక్కుడుబిళ్ళాటలో పడి మర్చిపోయాను.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి, ప్రూఫు చూసిన పేజీయే కదా అని నాన్న మళ్ళీ చూడకుండా ఆఖరి పేజీ కాపీలన్నీ వేసేశాడు. ఒకటి తీసుకుని గుమ్మం దగ్గర వెలుగులో చూసుకుంది. నాన్న తల దించుకుని, "మళ్ళీ వేద్దాం అక్కా" అన్నాడు.

"కాగితమెక్కడిదిరా? అయినా ఆఖరి పేజీ దాకా ఎవరొస్తారులే" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత కొన్నేళ్ళకే మిషను పోయింది, సీసం తూకానికి వెళ్ళింది, అత్తయ్యా పోయింది. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. మాస్టారి పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఆఖరి పేజీ చూసినవాళ్ళు ఆ నల్లటి దిమ్మని సిరా మరక అనుకుంటారు. అక్కడ ఉండాల్సిన మాట ఇది: అక్షరాలు కూర్చినది కృష్ణవేణి, తిరువూరు.