గోంగూర పుల్ల వెనకవైపు

మా ఆయన పోయాక నేను గుమ్మం దాటడం లేదని మా అమ్మాయికి బెంగ. "కమాన్ మా, యూ నీడ్ టు గెట్ అవుట్" అంటూ మేముండే పెండిల్ హిల్ పేట నుంచి కారులో సిటీకి లాక్కెళ్లింది. ఎక్కడికి? మ్యూజియంకి! అందులోనూ ఈజిప్టు శవాల గదికి. దీని తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను.

అక్కడ అద్దాల బీరువాలో అరచేతిలో పట్టేంత చెక్కముక్క, ఒక చివర బెజ్జంతో. ఊరుగాని ఊళ్లో పోయినవాళ్లని పడవలో సొంతూరికి పంపేటప్పుడు మెడకి కట్టేవారట. మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఏ రేవులో దింపాలో దానిమీద రాసేవారట. అమ్మాయి చదివి చెప్పింది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా ఇంట్లో కూడా రేవుకి వెళ్లాల్సిన పెట్టె ఒకటుంది మరి. తుంటి ఆపరేషన్ మూలాన నేను విమానం ఎక్కలేను. అమ్మాయే అస్థికలు రాజమండ్రి తీసుకెళ్లి గోదావరిలో కలపాలి. ఆ పెట్టె మీద అంటించిన కాగితం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన ఫారాల్లో ఇంటిపేరు ముందు రాసేశారు, మన అలవాటు ప్రకారం. అంతే, ఆఫీసుకీ డాక్టరుకీ పక్కింటివాళ్లకీ ఆ ఇంటిపేరే ఆయన పేరైపోయింది. ఆఖరికి పెట్టె మీదా అదే. అసలు పేరుతో పిలిచిన మనిషి ఈ ఖండంలో ఒక్కరూ లేరు.

నేనా? రామ రామ! మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని నేను కాపరానికి వచ్చిన రోజే మా అత్తగారు చెప్పారు. బ్యాంకులో అడిగినా కార్డు చూపించేదాన్ని గానీ నోరు విప్పేదాన్ని కాదు. "ఒక్కసారి పిలవవే, పోతే పోతాను" అని ఆయన ఏడిపించేవారు. "చాల్లెండి, అవేం మాటలు" అని కసిరేదాన్ని.

ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్లాను. చలికి గోంగూర ఎండిపోయింది గానీ, ఏ మడిలో ఏముందో ఆయన తెలుగులో రాసి గుచ్చిన చెక్క పుల్లలు అలాగే ఉన్నాయి. గోంగూర పుల్ల పీకి, కడిగి, వెనక్కి తిప్పి మార్కర్‌తో రాశాను. గోత్రం, మామగారి పేరు, అత్తగారి పేరు, ఊరు. అన్నిటికంటే కింద ఆయన పేరు. పురికొసతో పెట్టెకి కట్టాను.

అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. పుల్ల తిప్పి చూసి, "వాట్ డజ్ ఇట్ సే, మా? పంతులుగారికి చెప్పాలి కదా, రీడ్ ఇట్" అంది.

గోత్రం చదివాను. మామగారి పేరు, అత్తగారి పేరు, ఊరు చదివాను. అక్కడ ఆగిపోయాను. అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది.

ఇన్నేళ్లూ నోరు కట్టుకుని ఆ మనిషిని కాపాడుకున్నాను. ఒక్కసారి కూడా జారలేదు. అయినా పోయారుగా! ఇంకేం తగ్గుతుంది?

పేరు పెట్టి పిలిచాను, గట్టిగా. ఇల్లంతా వినపడింది. ఎవరూ పలకలేదు.