తమ్ముడి దవడ విరిగాక వచ్చిన ఆదివారం

ఆ శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ మోగింది. తమ్ముడి పేరు చూసి "చెప్పరా" అన్నాను. మాట లేదు. నోటి నిండా నీళ్ళు పోసుకుని మాట్లాడబోయినట్టు గరగరమని ఏదో శబ్దం. సిగ్నల్ బాగాలేదనుకుని పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి ఎవరో తెలియని మనిషి.

"అక్కా, మీ వాడికి దెబ్బలు తగిలాయండి. బాపట్ల ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఎవరైనా పెద్దవాళ్ళు రండి."

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఊరు నగరం అనే మండల కేంద్రం పక్కన. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు కిరణ్. వాడు అప్పుడు బాపట్లలో డిగ్రీ రెండో సంవత్సరం. మా యేసురత్నం బాబాయి బండి మీద నేను వెళ్ళాను. అమ్మ వెనకాల బస్సులో వచ్చింది.

వాడి చొక్కా ముందంతా రక్తం. కింది పళ్ళ వరస మధ్యలో విడిపోయి ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంది. తెనాలికి తీసుకెళ్ళమని రాసిచ్చారు. అక్కడ సీటీ స్కాన్ చూసి డాక్టర్ గారు, "మాండిబుల్ ఫ్రాక్చర్, అంటే కింది దవడ ఎముక విరిగింది, రెండు చోట్ల. ప్లేట్లు వేసి, పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి వైరింగ్ చేస్తాం. నాలుగు వారాలు నోరు తెరవకూడదు" అన్నారు.

క్రికెట్ మ్యాచ్‌లో రనౌట్ దగ్గర మొదలైన గొడవ అది. ఓడిన జట్టును వెక్కిరిస్తూ కిరణ్ ఫోన్లో స్టేటస్ పెట్టాడట. అవతలి కుర్రాడొకడు బ్యాట్‌తో కొట్టాడు. ఇంతకు మించిన కారణం ఇప్పటికీ నాకు దొరకలేదు.

సోమవారం ఆపరేషన్ అయింది. నర్సు మాకొక చిన్న కటింగ్ ప్లయర్ ఇచ్చి, ఏయే వైర్లు ఎక్కడ కత్తిరించాలో వేలితో చూపించింది. "ఇది పక్కనే ఉండాలమ్మా. వాంతి వస్తే వెంటనే కత్తిరించాలి, లేకపోతే ఊపిరాడదు" అంది. అమ్మ దాన్ని చేతిలోంచి కింద పెట్టలేదు. వాడు దగ్గితే చాలు, ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం.

రోజూ మధ్యాహ్నం వాడి స్నేహితులు ఐదుగురు వచ్చేవారు. మంచం చుట్టూ నిలబడేవారు. ఒకరోజు బాబాయి వాళ్ళతో, "మగపిల్లలయ్యుండి చూస్తా ఊరుకున్నారేంట్రా?" అన్నాడు. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట వినడం నాకు హాయిగా అనిపించింది.

శుక్రవారం సిరంజితో జ్యూస్ పడుతుంటే పక్కనున్న వాడి ఫోన్ వెలిగింది. గ్రూపులో మెసేజ్. "ఆదివారం నాలుగింటికి, గ్రౌండ్ దగ్గర. వాడొక్కడే ఉంటాడు." దాని కింద, అందరికంటే కిరణ్‌కి దగ్గరివాడైన అనిల్ రాశాడు: "రాడ్ నా దగ్గరుంది." ఆ కింద మా తమ్ముడు సరేనన్నట్టు పెట్టిన, బొటనవేలు పైకెత్తిన గుర్తు.

పోలీసులకు చెబితే ముందు రాసుకునేది మా వాడి పేరే. చెప్పకపోతే? వరండాలో ఒక గంట అటూ ఇటూ తిరిగాను. నా ముఖం చూసి ఆ నర్సే ఆపింది. అంతా విని, "ఇవాళ సైకాలజిస్ట్ మేడమ్ వచ్చారు, మాట్లాడండి" అంది.

"మా వాడికి పిచ్చేం లేదండి" అన్నాను.

"ఉందని ఎవరన్నారండీ?"

సైకాలజిస్ట్ లలిత గారికి యాభై ఏళ్ళుంటాయి. నేను చెప్పింది చివరిదాకా విన్నారు. "ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. నేను దాచలేను, పోలీసులకు చెప్పాల్సిందే. అయితే ముందు కిరణ్‌తో మాట్లాడతాను. అతనికి తెలియకుండా ఏదీ చెయ్యను" అన్నారు.

మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నారు. తిట్టలేదు. నీతులు చెప్పలేదు. కాగితం, పెన్ను వాడి చేతికిచ్చారు.

"ఆదివారం నాలుగింటికి వాళ్ళు వెళ్తారు. నాలుగున్నరకి ఏమవుతుంది? రాయి."

"వాడు పడిపోతాడు" అని రాశాడు.

"ఐదింటికి?"

"మావాళ్ళు పారిపోతారు."

"దెబ్బ తలకి తగిలిందనుకో. ఆరింటికి అనిల్ ఎక్కడుంటాడు?"

"పోలీస్ స్టేషన్" అని రాశాడు.

"అనిల్ వాళ్ళమ్మ?"

కిరణ్ పెన్ను పక్కన పెట్టేశాడు.

"ఆ కుర్రాడికీ స్నేహితులుంటారు కదా. సోమవారం ఈ మంచం దగ్గరికి ఎవరొస్తారు?"

వాడు తలుపు వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చూశాడు. కళ్ళలోంచి కారిన నీళ్ళకు దవడ కట్టు తడిసింది.

ఫోన్ తీసుకుని "ఎవరూ వెళ్ళొద్దు" అని గ్రూపులో పెట్టాడు. "మీ అక్క టైప్ చేస్తోందారా?" అని జవాబు. అప్పుడు వాడు, కట్టేసిన పళ్ళ సందుల్లోంచి, గొంతు రికార్డు చేశాడు. మొదటిసారి ఒక్క ముక్కా అర్థం కాలేదు. మూడోసారికి వినబడింది. "నేనేరా... కిరణ్ణి. నా కోసమైతే... వొద్దు." నలుగురు సరేనన్నారు. అనిల్ విన్నాడు కానీ జవాబివ్వలేదు. కాసేపటికి వాడి ఫోన్ స్విచాఫ్.

మేడమ్ మా ఎదుటే ఎస్సై గారితో మాట్లాడారు. ఆయన పిల్లల తల్లిదండ్రులను పిలిపించారు. అనిల్ శనివారం పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళిపోయాడని వాళ్ళమ్మ ఏడ్చింది. సంగతి తెలిసి మేడమ్ ఫోన్లో బాబాయితో, "మీ మాటంటే అనిల్‌కి గురి. మొన్న మంచం దగ్గర మీరన్నది విన్నాడు కదండీ" అన్నారు. బాబాయి అనిల్‌ని వెతకడానికి బండి తీశాడు.

ఆదివారం వెతగ్గా వెతగ్గా, రెండు దాటాక, రేపల్లె బస్టాండులో బాపట్ల బస్సులో అనిల్ కనిపించాడు. ఒళ్ళో కాలేజీ బ్యాగు. బాబాయి ఆ బ్యాగు లాక్కోలేదు. పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆ మాటన్నది నేను. తప్పు నాది. నువ్వెళ్తే మీ అమ్మకి నేనేం చెప్పాలిరా?"

అనిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బస్సు కదిలింది. కండక్టర్ టికెట్ అడిగాడు. బస్సు గేటు దాటుతుండగా అనిల్ లేచి, "ఆపండి సార్, దిగుతాం" అన్నాడు.

తెనాలిలో నా ఫోన్ మోగింది. "దిగాడమ్మా" అన్నాడు బాబాయి. నేను లోపలికెళ్ళి కిరణ్‌కి చెప్పాను.

కష్టాలు అక్కడితో తీరలేదు. ఒక ప్లేటు దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి చీము పట్టింది. మళ్ళీ అడ్మిట్ చేశాం. వైర్లు తీశాక నోరు ఒక వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. పళ్ళ మధ్య చెక్కపుల్లలు ఒక్కొక్కటే పెంచుకుంటూ ఎక్సర్‌సైజ్ చేయించాం. బండి శబ్దం వింటే ఉలిక్కిపడేవాడు. కాలేజీకి వెళ్ళనన్నాడు. అన్నం తినమన్నందుకు స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడు. ఇదంతా దేనికి చేశాం అనిపించింది నాకు. "అతను భయపడుతున్నాడండి, అది కోపంలా కనబడుతోంది. ముందు భయం సంగతి చూద్దాం" అన్నారు మేడమ్. వారం వారం, ఐదు నెలలు తెనాలి తిప్పాం.

మా పాస్టరు గారు అడిగితే మేడమ్ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో మాట్లాడటానికి వచ్చారు. కుర్రాళ్ళను కాదు, పెద్దవాళ్ళమైన మమ్మల్ని అడిగారు. "పిల్లాడు దెబ్బ తిని ఇంటికొస్తే మీ నోట వచ్చే మొదటి మాటేంటి?" ముందు నేనే లేచాను. ఆరో తరగతిలో కిరణ్ ఏడుస్తూ వస్తే, "నువ్వు తిరిగి కొట్టలేదా?" అన్నాను. టీచర్‌ని అయ్యుండి. అది చెప్పి కూర్చున్నాక ఒక్కొక్కరే లేచారు. బాబాయి ఆఖర్న లేచాడు. ఇప్పుడు నెలకోసారి కూర్చుంటున్నాం, కుర్రాళ్ళు కూడా వస్తున్నారు. గొడవ పొగలు కనబడితే ఎవరికి చెప్పాలో ఊళ్ళో అందరికీ తెలుసు.

కిరణ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. కింది పెదవి ఒక పక్క ఇంకా మొద్దుబారే ఉంది, మెతుకు అంటుకున్నా తెలియదు. కేసు నడుస్తోంది. కొట్టిన కుర్రాడు అప్పుడప్పుడు బాపట్లలో ఎదురవుతాడట. ఇద్దరూ మాట్లాడుకోరు. ఎవరి దారిన వాళ్ళు పోతారు. నాకు అది చాలు.

మీ పిల్లాడు దెబ్బలతో ఆసుపత్రిలో ఉంటే, చూడటానికి వచ్చినవాళ్ళు మంచం దగ్గర ఏం మాట్లాడుతున్నారో వినండి. "వాళ్ళు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని పిల్లాణ్ణి నేరుగా అడగండి. జవాబు రాకపోయినా, అనుమానం ఉంటే ఆ రోజే సైకాలజిస్టుకు చెప్పండి, పోలీసులకు చెప్పండి. పిల్లాడి పేరు పాడవుతుందని వెనకాడకండి. పేరు తర్వాతైనా బాగు చేసుకోవచ్చు.