కాసులపేరు తియ్యని దెయ్యం

గన్నవరం దాటాక ఏలూరు కాలువ పక్కన ఒక ఊళ్లో పాత మేడ ఉంది. ఊరి పేరు రాయను. ఇప్పటికే వాళ్లకు అక్కర్లేనంత ప్రచారం ఉంది. ప్రతి శనివారం రాత్రి విజయవాడ నుంచి ఒక మినీ బస్సు నిండా జనం ఆ మేడలో దెయ్యాన్ని వెతకడానికి వెళతారు. దెయ్యం పేరు ఛాయాదేవి. నలభై రెండేళ్ల కిందట అత్తగారి కాసులపేరు దొంగిలించి, పట్టుబడి, కాలువలో దూకి చచ్చిందట. ఆ బంగారం కోసం ఇప్పటికీ మేడ మీద వెతుక్కుంటోందట.

ఆ ఛాయాదేవీ నేనూ గవర్నర్‌పేటలో ఒకే వాటాలో ఉంటాం. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరైంది. పొద్దున్నే అల్లం టీ తాగుతుంది, బీపీ మాత్ర వేసుకుంటుంది, రైతుబజారులో ఒక్కో వంకాయనూ తిప్పి తిప్పి చూసి కూరలవాళ్ల చేత తిట్లు తింటుంది. దెయ్యాలకు ఇన్ని పనులుండవనుకుంటాను.

నా పేరు సుధామణి. మాది కొల్లేటి పక్క ఊరు, చేపల వ్యాపారం. ఛాయాదేవి వాళ్లు పొలాలున్న రైతులు. ఇంటర్ రెండేళ్లూ బెజవాడ హాస్టల్లో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆ తర్వాత నేను చదువుకున్నాను, దానికి పెళ్లి చేశారు. పెళ్లికొడుకు తిరుపతిరావుకు మేడ ఉంది, మాగాణి ఉంది, మీసం ఉంది. వెన్నెముక ఒక్కటే లేదు. గుడివాడలో పేకాట ఆడేచోట తప్ప ఎక్కడా గట్టిగా మాట్లాడి ఎరగడు.

పెళ్లయిన రెండో ఏడు అత్తగారి కాసులపేరు పోయింది. పోతే పోలీసు రిపోర్టు ఇవ్వాలి, లేదా కొడుకు జేబులు వెతకాలి. వాళ్లు అంజనం వేయించారు. అంజనం అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. ఒకాయన వచ్చి, చిన్నపిల్లని కూర్చోబెట్టి, బొటనవేలి గోటికి నల్లటి కాటుక పూస్తాడు. దీపం పెట్టి, ‘ఆంజనేయస్వామి వచ్చాడా? కుర్చీ వెయ్యమను. దొంగని పిలవమను’ అంటాడు. గోటిలో ఎవరు కనబడ్డారని పిల్ల చెబితే వాళ్లే దొంగ. ఆ ఇంట్లో చిన్నపిల్ల తిరుపతిరావు చెల్లెలు రామతులసి. తొమ్మిదేళ్లది. ఊరి పెద్దలందరి ముందూ కూర్చుని గోటిలోకి చూసి, “వదిన” అంది.

అంతే, తీర్పు అయిపోయింది. ఛాయాదేవి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తియ్యలేదని చెప్పింది. మొగుడు నేల చూశాడు. అత్తగారు మర్నాడు పెద్దల్లో పెట్టిస్తానంది. ఆ రాత్రి ఛాయాదేవి పెరటి తలుపు తీసుకుని కాలువ గట్టున నడిచింది. తడి మట్టిలో చెప్పులు కూరుకుపోతే అక్కడే వదిలేసి, రోడ్డెక్కి, తెల్లారుగట్ల బస్సులో నా హాస్టల్ గదికి వచ్చింది. ఒంటి మీద చీర, కాళ్లకు బురద తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదు.

చెప్పులు దొరికాయి కాబట్టి మనిషి కాలువలో పోయిందని వాళ్లు తేల్చుకున్నారు. శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. పురోహితుడు పంచాంగం చూసి, ఆమె పోయిన నక్షత్రం ధనిష్ఠ అన్నాడు. ధనిష్ఠలో ఎవరైనా పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలంటారు మావైపు. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప పడేసి, ఇంటిల్లిపాదీ బయటికి పోవాలి. వాళ్లు అలాగే పోయారు. ఆ ఆరు నెలల్లో అన్నదమ్ములు పంపకాల కోసం కోర్టుకెక్కారు. ముళ్లకంప తియ్యడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అన్నేళ్లు తాళం పడి ఉన్న ఇంట్లో ఊరివాళ్లకు గజ్జెల చప్పుడు వినబడకపోతే ఆశ్చర్యం. ఒక మనిషి గవర్నర్‌పేటలో ఇడ్లీలు తింటూ ఉండగా, పంచాంగం చూసి ఆమెను చంపి, ఆమె ఇంటిని పాడుపెట్టిన ఘనులు వీళ్లు.

ఛాయాదేవి వాళ్ల నాన్నను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వారం తిరక్కుండా ఆయనకు ఉత్తరం రాశాం, మీ అమ్మాయి నా దగ్గరుందని. వచ్చాడు, కూతుర్ని చూశాడు, ఏడ్చాడు. “పారిపోయి వచ్చిందంటే నలుగురిలో తలెత్తుకోలేనమ్మా, పోయిందనుకోనియ్యి” అన్నాడు. తర్వాత వెళ్లి, ఆ కూతురి పెద్దకర్మలోనే ఆకు ముందు కూర్చుని భోంచేసి వచ్చాడు. గారెలు కూడా తిన్నాడని మాకు తర్వాత తెలిసింది.

ఛాయాదేవి టైపు నేర్చుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, నాతోనే ఉండిపోయింది. మొగుడు రెండో పెళ్లి చేసుకున్నాడని విన్నా, పోయాడని విన్నా తన పని తాను చూసుకుంది. కానీ ఆఫీసులో ఎవరి పెన్ను కనబడకపోయినా ముందు తన బ్యాగు తెరిచి చూపించేది. నేను తిట్టేదాన్ని. మానలేదు.

పోయిన మాఘంలో దాని ఫోనులో ఒక వీడియో వచ్చింది. నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ వేసుకున్న కుర్రాడొకడు ఆ మేడ ముందు నిలబడి ఛాయాదేవి కథ చెబుతున్నాడు. నేను పడీ పడీ నవ్వాను. అది నవ్వలేదు.

“దెయ్యమన్నా ఫరవాలేదే. దొంగంటున్నాడు” అంది.

“వాడి మొహం. వాడి మాటెవడు నమ్ముతాడు?”

“లక్షమంది చూశారంట సుధా. నేను వెళ్లాలి. ఆ ఇంట్లో నిలబడి తియ్యలేదని ఒక్కసారి చెప్పాలి. ఎవరో ఒకరు అవునమ్మా అనాలి. అంతే.”

అలా మేమిద్దరం, మా అరవై దాటిన మోకాళ్లతో, ఆ బస్సెక్కాం. తలో నల్ల పట్టీ చేతికి కట్టి, పులిహోర పొట్లం, చిన్న నీళ్ల సీసా ఇచ్చారు. దెయ్యాల వేటకు పులిహోర తీసుకెళ్లే జాతి ఇంకెక్కడా ఉండదు. పుర్రె టీషర్టు వాడి పేరు సిద్ధార్థ. ఇంజనీరింగు చదివాడట. ఏ బ్రిడ్జీ కట్టనందుకు సంతోషించాను. “ఆంటీ, హార్ట్ ప్రాబ్లం ఏమీ లేదు కదా?” అని మమ్మల్ని మాత్రమే అడిగాడు. బస్సులో అయిదుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఒక కొత్త జంట, ఉషశ్రీ అనే బ్యాంకు ఉద్యోగి, ఆవిడ భర్త ఉన్నారు. రామవరప్పాడు రింగు దాటకముందే సగం పులిహోర అయిపోయింది.

మేడ నేననుకున్నంత పెద్దదేం కాదు. వెనక వాటాలో రామతులసి కాపురం ఉంటోందనీ, మేడను వీళ్లకు అద్దెకిచ్చిందనీ సిద్ధార్థే చెప్పాడు. ఆ పేరు వినగానే ఛాయాదేవి నా చెయ్యి పట్టుకుంది. వాడు టార్చి తిప్పుతూ ఒక చీకటి గది చూపించి, “ఇదే ఛాయాదేవి బెడ్‌రూమ్. ఇక్కడే ఆ రాత్రి ఏడ్చింది” అన్నాడు.

“ఇది ధాన్యం కొట్టు బాబూ” అంది ఛాయాదేవి.

“వావ్, ఆంటీ రీసెర్చ్ చేసొచ్చారు!” అన్నాడు వాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పై అంతస్తులో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి లైట్లు ఆర్పించాడు. మధ్యలో ఎర్ర బల్బున్న చిన్న పెట్టె పెట్టాడు. ఆత్మ వస్తే అది మోగుతుందట. ఒకసారి మోగితే అవును, రెండుసార్లు మోగితే కాదు. అప్పుడు గోటికి కాటుక పూశారు, ఇప్పుడు బ్యాటరీ వేశారు, బుర్రలు మాత్రం అవే. వాడి కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

“ఛాయాదేవీ, వచ్చావా?” అన్నాడు గొంతు బొంగురు చేసి.

పెట్టె ఒకసారి మోగింది. కొత్త పెళ్లికూతురు కెవ్వుమంది.

“అత్తగారి కాసులపేరు తీసింది నువ్వేనా?”

వాడి జేబు కదిలింది. పెట్టె ఒకసారి మోగింది. రెండోసారి మోగుతుందేమోనని ఛాయాదేవి ఆగింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఊపిరి బిగబట్టి ఆగింది. మోగలేదు.

“తియ్యలేదు” అంది చీకట్లో, గట్టిగా.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, వాళ్ల తరఫున. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో ఒకడు నా పాదం తొక్కుకుంటూ పరిగెత్తాడు. అందరికన్నా ముందు మెట్ల దగ్గరికి చేరినవాడు సిద్ధార్థ. ఎవరో టార్చి వేశారు. మధ్యలో ఛాయాదేవి నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, ఒళ్లు వణుకుతోంది.

“ఛాయాదేవిని నేనే. నేను కాసులపేరు తియ్యలేదు” అంది.

“బాబోయ్, ఆంటీకి పూనింది!” అని అరిచాడు సిద్ధార్థ.

పారిపోయేవాళ్లు ఆగారు. అసలు ఛాయాదేవి చావలేదన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. దెయ్యం ఇంకో ఒంట్లోకి వచ్చిందంటే మాత్రం అందరికీ టక్కున అర్థమైపోయింది. కుర్రాళ్లు చెప్పులు విడిచారు. ఉషశ్రీ చేతులు జోడించి, “తల్లీ, మా వారి ట్రాన్స్‌ఫర్ అవుతుందా?” అని అడిగింది.

“నాకు తెలీదమ్మా. నేను మాత్రం తియ్యలేదు” అంది ఛాయాదేవి.

“తియ్యలేదు తల్లీ, నువ్వు తియ్యలేదు” అన్నారందరూ.

ఈ గోలకు వెనక వాటాలోంచి రామతులసి కర్పూరం వెలిగించిన పళ్లెంతో పరిగెత్తుకొచ్చింది. యాభై దాటిన మనిషి, నిద్రకళ్లు. విషయం వినగానే మా ఛాయాదేవి ముందు మోకాళ్ల మీద కూలబడింది.

“వదినా, నన్ను క్షమించు వదినా. ఆ రోజు నా గోట్లో ఏమీ కనబడలేదు. నల్లగా ఉంది, అంతే. అమ్మ ఎనకమాల నుంచి తొడ మీద గిల్లి, వదినని చెప్పవే అంది. చిన్నపిల్లని, భయపడి చెప్పేశాను. నీ ఉసురు తగిలే నాకు పిల్లలు నిలవలేదు. నువ్వు తియ్యలేదు వదినా. మా ఇల్లు వదిలి ఎళ్లిపో.”

ఛాయాదేవి కళ్లలోంచి నీళ్లు జారిపోతున్నాయి. వంగి రామతులసి తల మీద చెయ్యి వేసింది. ఆ ముఖంలో అంత నెమ్మది నేను నలభై ఏళ్లలో చూడలేదు. ఇది చూడ్డానికే ఇంత దూరం వచ్చాం. నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

కానీ బతికున్న నా మనిషికి కర్పూర హారతి పడుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు. “లే అమ్మా, లే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మీ వదిన చావలేదు. ఇదిగో చూసుకో” అని దాని సంచిలోంచి ఆధార్ కార్డు తీసి రామతులసి మొహానికి ఆనించాను.

రామతులసి కార్డు చూసింది. పేరు చదివింది. ఛాయాదేవి ముఖంలోకి చాలాసేపు చూసింది.

“నిజమే తులసీ. ఆ రాత్రి బెజవాడ బస్సెక్కాను. బతికే ఉన్నాను” అంది ఛాయాదేవి.

రామతులసి నెమ్మదిగా లేచి నిలబడింది. చీర దులుపుకుంది.

“అంటే పారిపోయావా వదినా?”

“ఏం చెయ్యను మరి?”

“తియ్యనిదానివి ఎందుకు పారిపోతావు?”

“ఇప్పుడేగా మీ అమ్మ గిల్లిందన్నావు!” అన్నాను నేను.

“ఏమోనండీ. తొమ్మిదేళ్ల పిల్లని. కనబడిందేమో కూడా. ఇన్నేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుందండీ?” అని, పళ్లెంలో కర్పూరం ఆర్పేసి, కిందికి వెళ్లిపోయింది. జనం గుసగుసలాడుకున్నారు. ఉషశ్రీ చేతులు దించి, హ్యాండ్‌బ్యాగు చంకలోకి లాక్కుంది. సిద్ధార్థ నా దగ్గరికి వచ్చి, బస్సు దిగాక ఈ సంగతి ఎక్కడా ఎత్తవద్దని బతిమాలాడు.

తిరుగు ప్రయాణంలో మా ముందు సీట్లలో ఎవరూ కూర్చోలేదు. గన్నవరం దాటేదాకా ఛాయాదేవి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. తర్వాత నా చేతిలో ఇంకా ఉన్న ఆధార్ కార్డు తీసుకుని, తుడిచి, సంచిలో పెట్టుకుంది.

“ఎందుకు చూపించావే సుధా?” అంది. “ఇంకో పది నిమిషాలు నన్ను చచ్చిపోయి ఉండనిస్తే నీ సొమ్మేం పోయేది?”