బిక్షపతి వేళ్ల లెక్క

పేరైనా తెలియని యంత్రం జబ్బును మనిషి ఎలా పట్టగలడు? నాకిప్పటికీ అంతుపట్టదు. నాచారం మిల్లులో ఫిట్టరుగా చేసిన బిక్షపతి, దేన్నైనా విప్పేముందు వేలి కణుపులు లెక్కపెట్టేవాడు. ఆ ఆదివారం పక్కింటి త్రివేణి లినక్స్ కంప్యూటర్లో ఆన్‌లైన్ ఆట ఉండుండి ఆగిపోతోంది. నాలుగింటికి పోటీ, మళ్లీ ఆగితే జట్టులో చోటు పోతుంది.

“వైఫై సతాయిస్తుంది మామా!” అంది, పక్కన కుర్చీలో కూర్చున్న బిక్షపతితో.

“జర ఆగు బిడ్డా.” ఆట మరో రెండుసార్లు ఆగేదాకా కణుపుల మీద బొటనవేలు గిరగిరా తిరిగింది. “సరిగ్గ రెండు నిమిషాలకోపారి! ఎవడో గడియారం జూసి జేసినట్టుంది.”

త్రివేణి ఎగిరి గంతేసింది. కంప్యూటరే రెండు నిమిషాలకోసారి చుట్టుపక్కల వైఫైలన్నీ వెతుకుతోంది, ఆ క్షణం ఆటకు నెట్ అందడం లేదు! ఆ వెతుకులాట ఆపేసింది. పోటీ మొదలైంది. బిక్షపతి మళ్లీ లెక్కపెట్టాడు. రెండు నిమిషాలు దాటినా ఆట ఆగలేదు.

“మస్తు నడుస్తుంది మామా!” అని ఆమె తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీ. గుమ్మంలో అతని చెప్పులూ లేవు.