సర్రున పోయిన దయ్యం

నా చిన్నప్పుడు నార్సింగి అవతల మా ఊరి నుంచి బడికి పోవాలంటే బండరాళ్ల నడుమ కాలిబాటే దిక్కు. ఎండాకాలం ఒంటిపూట బడి. విడిచిపెట్టేసరికి సూర్యుడు నడినెత్తిన ఉండేవాడు. మిట్టమధ్యాహ్నం ఆ రాళ్లలో దయ్యాలు తిరుగుతాయని ఊరు ఊరంతా నమ్మేది. అందుకే పక్కింటి అక్క చిన్నపిల్లలమైన మమ్మల్ని ముందు నడిపించి, తాను వెనక వచ్చేది. మా ఊళ్లో తొమ్మిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

ఒక శనివారం మేము ముందు వచ్చేశాం. అక్క వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి వాకిట్లో కూలబడింది. రాళ్లలో ఏదో కదిలిందని మాత్రమే చెప్పింది. పొద్దు వాలేలోపు ఆ 'ఏదో' దయ్యమైపోయింది. సోమవారం నుంచి బడి బంద్ అని వాళ్ల నాయన తేల్చేశాడు. ఒక ఆడపిల్ల చదువు ఆపడానికి ఊరికి సాక్ష్యం అక్కరలేదు, జోరైన మాట ఒకటి చాలు. అక్క మానేస్తే ఆ బాట దాటించేవాళ్లు లేక నా చదువూ అక్కడితో సరి.

మర్నాడు బాలానగర్ కార్ఖానాలో పనిచేసే మా మేనమామ వచ్చాడు. దేవుడి మీదా దయ్యం మీదా ఎవరితోనైనా వాదన పెట్టుకునే మనిషి. ఇంక చూసుకో అనుకున్నాను. ఆయన వాదించలేదు. అరుగు మీద తీరిగ్గా కూర్చుని, "అదెట్ల వచ్చిందో జర చెప్పుండ్రి" అన్నాడు.

ఊరు ఎగబడింది. రివ్వున వచ్చిందని ఎదురింటామె. గభాలున మీదికి దుంకిందని అక్క వాళ్ల చిన్నాయన. కళ్లు మూసి తెరిచేలోపు చటుక్కున మాయమైందని పాలుపోసే ముసలాయన. వీళ్లలో ఒక్కరూ నిన్న ఆ బాటలో లేరు.

"అట్లనా? అయితే చేసి చూపియ్యిండ్రి" అన్నాడు మామ. "బావా, అది ఎట్ల దుంకిందో నువ్వు గట్లనే దుంకు."

చిన్నాయన వెనక్కి తగ్గే రకం కాదు. పంచె ఎగ్గట్టి అరుగు మీది నుంచి గభాలున దుంకాడు. దుమ్ము లేచింది, కోళ్లు చెదిరిపోయాయి, ఆయన మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

"గభాలున దుంకాలంటే ఇంత ఒళ్లుండాలె బావా. ఒళ్లుంటే నేల మీద అడుగు పడాలె. మరి అడుగులేవి?"

ఎదురింటామె చేతులు చాచి, కొంగు ఎగురుతుండగా వాకిలంతా రివ్వున తిరిగింది. పిల్లలం కేకలు వేస్తూ ఆమె వెంట పడ్డాం. రెక్కలున్నదానికి దుంకే అవసరమేంటని మామ ఆమెనే అడిగాడు. ముసలాయన చటుక్కున మాయం కాబోయి, దాక్కునే చోటు దొరక్క మా తలుపు వెనక నక్కాడు. "చూసినవా తాతా, మాయం కావాలన్నా సందు కావాలె" అన్నాడు మామ. వాకిలి నవ్వులతో ఊగిపోయింది. నిన్నటి నుంచి ఆ ఊళ్లో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు, అంతవరకూ ఎవరూ ఏమీ అడగని అక్క వైపు తిరిగాడు. "చూసింది నువ్వొక్కదానివే బిడ్డా. నువ్వు చూపియ్యి."

అక్క వంగి, అరచేతిని నేలకు ఆనించి ముందుకు జార్చింది. "సర్రున పోయింది మామా. కింద కిందనే. రాయి సందులకు."

"మరి దుంకిందెవరు?"

"నేనే దుంకిన."

మామ దిగ్గున లేచాడు. "పాండ్రి, చూసొద్దాం." సూర్యుడు నెత్తి మీదే ఉన్నాడు. అందరూ అటూ ఇటూ చూశారు. చెప్పులు వేసుకున్నది ముందు అక్కే. కూతురు నడిచాక తండ్రికి నడవక తప్పలేదు. వాళ్ల వెనక మేమంతా.

రాళ్ల దగ్గర నిలబడ్డాం. కాలుతున్న బండ మీద బూడిదరంగు ఉడుము ఒకటి ఎండ కాచుకుంటోంది. మా నీడ పడగానే ఎండుటాకుల మీదుగా సర్రున సందులోకి దూరిపోయింది. అక్క వాళ్ల నాయన ఒక్క గెంతులో వెనక్కి పోయి మామ కాలు తొక్కాడు. అక్క మాత్రం కదల్లేదు.

వాళ్ల నాయన ఆ సందులోకి వంగి చూశాడు. తర్వాత కూతురితో, "రేపు బడికి పో బిడ్డా. అది మళ్ల కనబడితే మా నాయన నీకంటే ఎక్కువ భయపడ్డడని చెప్పు" అన్నాడు. సోమవారం అక్క మమ్మల్ని ముందు నడిపించలేదు. తానే ముందు నడిచింది.

చటుక్కున, గభాలున, రివ్వున, సర్రున. ఇవి వాక్యానికి తగిలించే గజ్జెలు కావని ఆ రోజే నాకు తెలిసింది. ఒక మాటలో బరువుంది, ఒక మాటలో రెక్క ఉంది, ఒక మాటలో నేల ఉంది. కళ్లారా చూసినవాడికి ఒక్క మాట చాలు. చూడనివాడికే పది కావాలి.

ఇప్పుడు మణికొండలో నేనుండే అపార్ట్‌మెంట్లో రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలే ఫోన్ గ్రూపులో రాస్తారు: ఖాళీ లిఫ్టు దానంతటదే తటాలున ఆగిందట, అందులో ఏదో ఉందట. వాళ్లతో వాదించను. చెప్పులు వేసుకుని ఆ లిఫ్టు దగ్గరికి పోయి, ఎట్లా ఆగిందో చూపించమంటాను. భయం చటుక్కున రావచ్చు, అందులో తప్పు లేదు. నమ్మకం మాత్రం నా దగ్గరికి నడిచే రావాలి.