గణపతి కవరులో మంగళహారతి

నా చిన్నప్పుడు ఆత్మకూరులో భజన మందిరాన్ని మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు చూసుకునేవాడు. అక్కడ కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఒకటి, పది భక్తి పాటల రికార్డులు ఉండేవి. రికార్డు నడుమ అంటించిన గుండ్రటి కాగితం మీద పాట పేరు ఉంటుంది. అది కనబడడానికి పైకవరుకు మధ్యలో పెద్ద బెజ్జం ఉండేది. ఒక వానాకాలం ఆ కవర్లను చెదలు తినేశాయి. బొమ్మలు బాగా గీస్తానని, కొత్తవి చేసే పని పెద్దబాపు నాకే అప్పగించాడు. నాకప్పుడు పదేళ్లు.

దళసరి కాగితం మడిచి, అంచులు కుట్టి, ఒక్కో కవరు నిండా ఒక్కో దేవుణ్ణి గీశాను. బెజ్జం మాత్రం పెట్టలేదు. స్వామి పొట్టను కత్తెరతో కోయడానికి నాకు చేతులు రాలేదు. ఆయన మీద అక్షరాలు రాయడమూ పాపమే అనుకున్నాను. ఏ రికార్డు ఏ కవరులోకి పోయిందో పట్టించుకోలేదు. అన్నీ దేవుడి పాటలే కదా.

ఏకాదశి సాయంత్రం మందిరం నిండింది. పెద్దబాపు గణపతి బొమ్మను కళ్లకద్దుకుని, లోపలి రికార్డు పేరు చూడకుండానే తీసి పెట్టాడు. రావలసింది గణపతి ప్రార్థన. వచ్చింది మంగళహారతి. అది వినబడితే భజన ముగిసినట్టే. అందరూ అలవాటుగా లేచి నిలబడ్డారు. ఒకాయన కర్పూరం కూడా వెలిగించాడు.

"గిప్పుడే గద కూసున్నం, గప్పుడే అయిపాయెనా?" అంది మా అవ్వ.

"ఇయ్యాల దేవునికి ఏదో తొందర పనున్నట్టుంది అవ్వా," అన్నారెవరో.

అందరూ నవ్వారు. నేను అవ్వ కొంగు చాటుకు చేరాను. కుంచె లాక్కుంటారని, కవర్లు పొయ్యిలో వేస్తారని భయం. ఏకాదశి భజన చెడగొట్టిన పాపం నన్ను వదలదని అంతకు మించిన భయం.

పెద్దబాపు నా వైపు చూడనైనా లేదు. "కూసోండ్రి, మళ్ల మొదటికెళ్లి పాడుకుందాం," అని, ఒక్కొక్క రికార్డే బయటికి తీసి పేరు చూసి, గణపతి పాట పెట్టాడు.

మరునాడు పొద్దున నన్ను పిలిచాడు. చేతిలో ఆ గణపతి కవరే ఉంది. చింపుతాడనుకున్నాను.

"బొమ్మ సక్కగుంది బిడ్డా. కాని గుడి కట్టి వాకిలి మరిచినవ్. లోపల ఎవరున్నరో ఎట్ల తెలుస్తది?"

"దేవుణ్ణి కోయాల్నా పెద్దబాపూ?"

"కోసుడెందుకు? జర పక్కకు జరుగుమను. ప్రహ్లాదుని కోసం స్తంభంలకెళ్లి వచ్చినోడు, మన కోసం బెత్తెడు జరగడా?"

నా ప్రాణం తేలికపడింది. ఆ రోజే కూర్చుని కొత్త కవరు గీశాను. బెజ్జం చుట్టూ తామర రేకులు, ఓ పక్కన తొండం చాచి ఆ పువ్వును అందుకుంటున్న గణపతి. పువ్వు నడుమ పాట పేరు స్పష్టంగా కనబడింది. చదువు రాని అవ్వ బొమ్మను చూసి, పెద్దబాపు పాట పేరు చదివి, ఒకే రికార్డును పోల్చుకున్నారు.

ఇప్పటికీ మా భజన పుస్తకానికి అట్ట గీయమంటే ముందు పేరుకు జాగా వదిలి, ఆ తరువాతే స్వామిని పిలుస్తాను. ఆయన వచ్చి మిగిలిన చోటులో సర్దుకుని కూర్చుంటాడు. ఇరుకైందని ఎన్నడూ అనలేదు.